ఒక డ్రమ్ము, నాలుగు లెక్కలు: నాఫ్తా మిశ్రమానికి రిలీఫ్ వాల్వ్ సైజు తేల్చిన కేస్

రిలీఫ్ వాల్వ్ సైజింగ్ (లోపలి ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకుని ఆవిరిని వదిలే వాల్వ్‌కు ఎంత రంధ్రం కావాలో తేల్చే లెక్క) నేర్చుకునేటప్పుడు అందరం ప్రొపేన్ లాంటి ఒకే పదార్థంతో మొదలుపెడతాం. దానికి ఒకటే మరుగు ఉష్ణోగ్రత, ఒకటే లేటెంట్ హీట్, అంటే కిలో ద్రవాన్ని ఆవిరి చేయడానికి పట్టే వేడి. ఫార్ములాలో పెడితే వాల్వ్ రంధ్రం వైశాల్యం వచ్చేస్తుంది. ఉద్యోగంలోకి వచ్చాక చేతికి అందేది మాత్రం మిశ్రమం. అయినా ఫార్ములా అదే ఒక్క లేటెంట్ హీట్ అడుగుతుంది, మనమూ ఏదో ఒక అంకె వెతికి దాని నోట్లో పెడతాం. ఆ అంకె ఎక్కడిదని అడిగినందుకే ఈ కేస్ ఇంత దూరం వెళ్లింది. యూనిట్ ఏదో, ఎక్కడుందో, ఎవరిదో చెప్పను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొలతలను కొంచెం సవరించాను, లెక్కల తర్కం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

నేపథ్యం

ఒక రిఫైనరీలో నాఫ్తా స్టెబిలైజర్ కాలమ్ ఉంది. క్రూడ్ యూనిట్ నుంచి వచ్చే నాఫ్తాలో (పెట్రోల్ లాంటి తేలిక ద్రవంలో) కరిగివున్న ఎల్పీజీని వేరుచేయడం దాని పని. ఆ కాలమ్‌కు ముందు, వచ్చే నాఫ్తాను కాసేపు నిలిపే ఫీడ్ సర్జ్ డ్రమ్ము. అడ్డంగా పడుకుని ఉంటుంది, వ్యాసం 3 మీటర్లు, పొడవు 9 మీటర్లు, నేలకు దగ్గరగా రెండు సాడిళ్ల (ఆధార దిమ్మల) మీద ఉంటుంది. మామూలుగా సగం దాకా ద్రవం. డిజైన్ ప్రెషర్ 10 బార్ గేజ్ (వాతావరణ పీడనానికి పైన లెక్క), రిలీఫ్ వాల్వ్ సెట్ ప్రెషర్ కూడా అదే. వాల్వ్ మీద ఉన్నది జె ఆరిఫైస్ (రంధ్రం సైజులకు అక్షరాలే పేర్లు), అంటే 1.287 చదరపు అంగుళాలు, మన లెక్కలో 830 చదరపు మిల్లీమీటర్లు.

యూనిట్ సామర్థ్యం పెంచే ప్రాజెక్టు వచ్చింది. పాత వాల్వులన్నీ సరిపోతాయో లేదో ఒక కాంట్రాక్టర్ లెక్కలు కట్టి ఇచ్చాడు. వాటిని మూడో కంటితో చూసే పని మా డిజైన్ ఆఫీసుకు వచ్చింది. ఈ డ్రమ్ముకు సైజు నిర్ణయించేది ఫైర్ కేసు. చుట్టూ మంటలు అంటుకుని, లోపలి ద్రవం మరిగి, ఆ ఆవిరంతా వాల్వ్ గుండా పోవాలి. ఫైర్ కేసులో ప్రెషర్ డిజైన్ విలువకు 121 శాతం దాకా పోవచ్చని ప్రెషర్ పాత్రల కోడ్ ఏఎస్‌ఎంఈ సెక్షన్ 8 ఒప్పుకుంటుంది. కాబట్టి రిలీవింగ్ ప్రెషర్ 12.1 బార్ గేజ్, అబ్సల్యూట్‌లో దాదాపు 13.1 బార్.

అనుమానం ఎక్కడ మొదలైంది

కాంట్రాక్టర్ షీట్ చూడటానికి శుభ్రంగా ఉంది. సగం మట్టానికి తడి వైశాల్యం (ద్రవం తగిలే గోడ వైశాల్యం) 52 చదరపు మీటర్లు. రిలీఫ్ వ్యవస్థల ప్రమాణం ఏపీఐ 521 ప్రకారం, డ్రైనేజీ సరిగ్గా ఉండి మంటలార్పే ఏర్పాటు వెంటనే అందే చోట, ఆ వైశాల్యాన్ని 0.82 ఘాతానికి పెంచి 43,200తో గుణిస్తే లోపలికి వచ్చే వేడి వాట్లలో వస్తుంది. ఇక్కడ అది 1.1 మెగావాట్లు. గంటకు సుమారు 39.7 లక్షల కిలోజౌళ్లు. దాన్ని లేటెంట్ హీట్‌తో భాగిస్తే గంటకు ఎన్ని కిలోల ఆవిరో తెలుస్తుంది. షీట్‌లో లేటెంట్ హీట్ గడిలో ఉన్న అంకె 450 కిలోజౌళ్లు. ఆవిరి గంటకు 8,800 కిలోలు. కావలసిన వైశాల్యం 640 చదరపు మిల్లీమీటర్లు. జె ఆరిఫైస్ 830. సరిపోతుంది, సంతకం.

నా చూపు 450 దగ్గర ఆగింది. ఈ మిశ్రమంలో ప్రొపేన్ నుంచి డెకేన్ దాకా ఉన్నాయి. వాటిలో కిలోకు ఎక్కువ లేటెంట్ హీట్ ఉన్నది ప్రొపేన్. అది కూడా వాతావరణ పీడనం దగ్గర మరిగేటప్పుడు దాదాపు 426. బరువు పెరిగేకొద్దీ ఆ విలువ తగ్గుతుంది, హెక్సేన్‌కు 335, ఆక్టేన్‌కు 300 చిల్లర. ప్రెషర్ పెరిగి క్రిటికల్ పాయింట్ (ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే స్థితి) వైపు జరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అలాంటప్పుడు 13 బార్ దగ్గర మిశ్రమానికి 450 ఎలా వస్తుంది? గుంపులో అందరికంటే పొడుగాయన ఆరడుగులైతే సగటు ఆరున్నర అడుగులు వచ్చినట్టుంది లెక్క.

కాంట్రాక్టర్ తరఫు ఇంజనీర్‌ను అడిగితే నిజాయితీగానే చెప్పాడు. సిమ్యులేటర్‌లో అదే కూర్పును 13.1 బార్ దగ్గర బబుల్ పాయింట్‌లో (మరగడం మొదలయ్యే చోట) ఒకసారి, డ్యూ పాయింట్‌లో (చివరి బొట్టూ ఆవిరయ్యే చోట) ఒకసారి పెట్టి ఎంథాల్పీల, అంటే లోపలున్న వేడి విలువల, తేడా తీసుకున్నాడు. ఒకే పదార్థమైతే ఆ తేడాయే లేటెంట్ హీట్, తప్పేమీ లేదు. మిశ్రమానికి మాత్రం బబుల్ పాయింట్ 137 డిగ్రీలు, డ్యూ పాయింట్ 205 దరిదాపుల్లో ఉన్నాయి. ఈ 70 డిగ్రీల దూరం మొత్తాన్ని వేడెక్కించడానికి పట్టిన వేడి కూడా ఆ 450లో కలిసిపోయింది. పైగా ఆ లెక్కలో పుట్టిన ఆవిరి చివరిదాకా ద్రవాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. నిజం డ్రమ్ములో పుట్టిన ఆవిరి పుట్టినట్టే వాల్వ్ గుండా వెళ్లిపోతుంది. మిగిలిన ద్రవం అంతకంతకూ బరువెక్కి, 205 దాటి 250కి కూడా పోతుంది.

మొదట వేసిన అడుగు, అది ఎందుకు నిలవలేదు

వెంటనే అందరికీ తట్టేది ఏపీఐ 521లో ఉన్న 115 కిలోజౌళ్ల అంకె. క్రిటికల్ పాయింట్ దగ్గర లేటెంట్ హీట్ సరిగ్గా దొరకనప్పుడు కనీస విలువగా వాడుకొమ్మని ఇచ్చినది. మా టీమ్‌లోనూ ఇద్దరు అదే అన్నారు: "సేఫ్ సైడ్‌లో ఉంటాం కదండీ, తీసేసుకుందాం." నేనూ ముందు కాదనలేదు, వేసి చూశాం. ఆవిరి గంటకు 34,500 కిలోలు. వైశాల్యం 2,500 చదరపు మిల్లీమీటర్లు. అంటే ఎన్ ఆరిఫైస్, 4 అంగుళాల ఇన్‌లెట్, 6 అంగుళాల అవుట్‌లెట్.

రిలీఫ్ వాల్వ్ విషయంలో పెద్దది అంటే భద్రం అనుకోవడం పొరపాటు. ఇదే డ్రమ్ముకు ఇంకో కేసు ఉంది. ఆవిరి లైన్ మూసుకుపోతే గంటకు దాదాపు 4,000 కిలోలు వాల్వ్ గుండా పోవాలి. ఎన్ వాల్వ్‌కు అది తన సామర్థ్యంలో 11 శాతం. స్ప్రింగ్ వాల్వ్‌కు పావు వంతు కంటే తక్కువ ప్రవాహం వస్తే తెరుచుకోవడం, ప్రెషర్ పడిపోవడం, మూసుకోవడం, మళ్లీ తెరుచుకోవడం, ఇలా టకటకా కొట్టుకునే ప్రమాదం పెరుగుతుంది. దాన్నే చాటరింగ్ అంటాం. సీటు పాడవుతుంది, ఫ్లాంజిలు వదులవుతాయి. ఎప్పుడో రావచ్చనుకునే మంట కోసం పెట్టిన వాల్వ్, ఏడాదికోసారి వచ్చే చిన్న ఇబ్బందిలో తానే లీకైతే హైడ్రోకార్బన్ బయటికి వస్తుంది. పైగా వదిలిన ఆవిరిని మండించే చోటికి తీసుకెళ్లే ఫ్లేర్ హెడర్‌కు అంత ప్రవాహం తట్టుకునే శక్తి లేదు. కాబట్టి 115ను పక్కన పెట్టాం. ఏమీ తెలియనప్పుడు వాడే అంకె అది. మాకు కూర్పు తెలుసు, తెలిసినప్పుడు లెక్క కట్టాలి.

మెట్లు మెట్లుగా మరిగించడం

తర్వాతి పని నింపాదిగా చేశాం. సిమ్యులేటర్‌లో ద్రవాన్ని 13.1 బార్ దగ్గర బబుల్ పాయింట్‌కు తెచ్చి, బరువులో 5 శాతం ఆవిరయ్యేంత వేడి ఇచ్చాం. ఆ ఆవిరిని తీసేశాం. మిగిలిన ద్రవంతో మళ్లీ అదే. ప్రతి మెట్టులోనూ మూడు సంగతులు రాసుకున్నాం: కిలో ఆవిరికి నిజంగా ఎంత వేడి పట్టింది, అప్పటి ఉష్ణోగ్రత ఎంత, ఆ ఆవిరి మాలిక్యులర్ బరువు, కంప్రెసిబిలిటీ (ఐడియల్ గ్యాస్ నుంచి ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె) ఎంత. మట్టం తగ్గినకొద్దీ తడి వైశాల్యం కూడా తగ్గించుకుంటూ వచ్చాం.

మొదటి మెట్టు చూసి టీమ్‌లో చిన్నవాడు ఆశ్చర్యపోయాడు. కిలో ఆవిరికి 500 కిలోజౌళ్లకు పైగా పడుతోంది! అంటే కాంట్రాక్టర్ 450 కంటే కూడా ఎక్కువ. కారణం ఆలోచిస్తే తెలిసిపోతుంది. తేలికవి ముందు వెళ్లిపోతుంటే మిగిలిన ద్రవం మరుగు ఉష్ణోగ్రత గబగబా పెరుగుతుంది. వచ్చిన వేడిలో పెద్ద వాటా ఆ ద్రవాన్ని కాచడానికే పోతుంది, ఆవిరికి మిగిలేది తక్కువ. మొదట్లో గంటకు 7,500 కిలోలే. ఆ తర్వాత కథ తిరగబడుతుంది. కాచాల్సిన ద్రవం తగ్గిపోయింది, మిగిలినవి హెప్టేన్, ఆక్టేన్ లాంటివి, 250 డిగ్రీల దగ్గర వాటి అసలు లేటెంట్ హీట్ 200 లోపు. మూడింట రెండొంతులు మరిగేసరికి కిలోకు 230 చాలు. మట్టం తగ్గినా ప్రవాహం 12,000 కిలోలకు చేరింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ప్రవాహం 7,500 నుంచి 12,000కు, అంటే 60 శాతం పెరిగింది. వైశాల్యం మాత్రం 546 నుంచి 690కి, పాతిక శాతమే పెరిగింది. ఎందుకంటే వైశాల్యం ప్రవాహంతోపాటు, ఉష్ణోగ్రత, కంప్రెసిబిలిటీల లబ్ధాన్ని మాలిక్యులర్ బరువుతో భాగించి తీసిన వర్గమూలాన్ని బట్టి కూడా ఉంటుంది. తొలి ఆవిరి మాలిక్యులర్ బరువు 60, చివర్లో 105. బరువైన ఆవిరి కిలోల లెక్కన చిన్న రంధ్రంలోంచే ఎక్కువగా పోతుంది. అందుకే ప్రవాహం ఏ మెట్టులో ఎక్కువో చూసి దానికి సైజు కట్టకూడదు. ప్రతి మెట్టుకూ వైశాల్యం కట్టి, ఆ వైశాల్యాల్లో పెద్దది తీసుకోవాలి. కొన్ని మిశ్రమాల్లో ఈ రెండు శిఖరాలూ ఒకే చోట రావు.

ఇంకో చిన్న గుంట కూడా ఉంది. సిమ్యులేటర్ ఇచ్చే స్పెసిఫిక్ హీట్ నిష్పత్తిని ఉన్నదున్నట్టు ఫార్ములాలో పెట్టేస్తుంటారు. క్రిటికల్‌కు దగ్గరగా ఆ రియల్ గ్యాస్ నిష్పత్తి 1.35 లాంటి విలువ చూపిస్తుంది. వాల్వ్ సైజింగ్ ప్రమాణం ఏపీఐ 520 ఫార్ములా కోరేది ఐడియల్ గ్యాస్ నిష్పత్తి, ఆ బరువైన ఆవిరికి అది 1.03. ఈ ఒక్క పొరపాటుతో వైశాల్యం దాదాపు 10 శాతం తక్కువ వస్తుంది. కంప్రెసిబిలిటీ కూడా 0.65కు పడిపోయింది. అది 0.8 కంటే తగ్గితే మామూలు ఫార్ములాను నమ్మకుండా, ఎంట్రపీ స్థిరంగా ఉంచి ప్రెషర్ తగ్గిస్తూ నాజిల్ ప్రవాహాన్ని నేరుగా కట్టాలి. కట్టాం. తేడా కొద్ది శాతమే. ఆక్టేన్ లాంటి బరువైన ఆవిరి అలా వ్యాకోచించినప్పుడు ద్రవంగా మారదు, ఇంకా సూపర్‌హీట్ వైపే పోతుంది. కాబట్టి టూ-ఫేజ్ (ఆవిరీ ద్రవమూ కలిసి పారే) బెడద కూడా లేదు.

మొత్తం మీద 690. జె ఆరిఫైస్ 830. మా లెక్కా కాంట్రాక్టర్ లెక్కా ఒకే వాల్వ్ దగ్గరికి చేరాయి. ఆఫీసులో ఊపిరి పీల్చుకున్నారు. "ఇంత కష్టపడి అదే జవాబా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

సైట్‌లో రెండు సంగతులు

నేను సైట్‌కు వెళ్తానన్నాను. వెళ్లకపోయి ఉంటే ఈ కేస్ రాయడానికేమీ ఉండేది కాదు, ఆ డ్రమ్ము మాత్రం అలాగే ఉండేది.

కంట్రోల్ రూములో ఒక సీనియర్ ప్యానెల్ ఆపరేటర్ ఉన్నారు, తెలుగాయనే. ఆ యూనిట్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. మా కూర్పు పట్టిక చూపించి, డ్రమ్ములో ఎప్పుడూ ఉండేది ఇదేనా అని అడిగాను. ఆయన కళ్లజోడు పైకి జరిపి, వేలితో ప్రొపేన్, బ్యూటేన్ గళ్ల మీద తట్టారు.

"నడిచేటప్పుడు ఇదే సార్. స్టార్టప్‌లో ఇవి ఉండవండి. ముందు ట్యాంకులోంచి స్టెబిలైజ్డ్ నాఫ్తా తెచ్చుకుని సగం దాకా నింపుతాం. కాలమ్ వేడెక్కి దారిలో పడేదాకా అదే తిరుగుతుంది. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది."

"మరి ఇది ఎక్కడా రాసి లేదే, పెద్దాయనా?"

"అందరికీ తెలిసిందే కదండీ."

మా మెట్ల లెక్కలో బరువైన ద్రవం వచ్చేసరికి మట్టం తగ్గిపోయి ఉండేది, అదే 690 దగ్గర ఆపింది. స్టార్టప్‌లో ఆ బరువైన ద్రవమే మొదటి నుంచీ సగం డ్రమ్ము నిండా ఉంటుంది. తేలికవి లేవు కాబట్టి మరుగు ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుతుంది, వేడిలో ఎక్కువ భాగం ఆవిరికే పోతుంది. పైగా చల్లని నాఫ్తా 240 డిగ్రీలకు కాగేలోపు దాని ఘనపరిమాణం మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. కాబట్టి కొంత మరిగిపోయినా మట్టం తగ్గిందని లెక్కలో వెసులుబాటు తీసుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆ వెసులుబాటు లేకుండా కడితే గంటకు 17,300 కిలోలు, వైశాల్యం 993. జె చాలదు. తర్వాతిది కె, 1,186.

రెండోది మధ్యాహ్నం బయటపడింది. 43,200 అనే అంకె వెనుక డ్రైనేజీ సరిగ్గా ఉండాలన్న షరతు ఉంది కదా. డ్రాయింగ్‌లో నేల వాలు డ్రమ్ము కింద నుంచి కాలువ వైపు అని బాణం గీసి ఉంది. నేను ఒక హెల్పర్‌ను బకెట్ నీళ్లు తెమ్మని, డ్రమ్ము మధ్యలో కింద పోయించాను. నీళ్లు కాలువ వైపు కదల్లేదు. నెమ్మదిగా తూర్పు సాడిల్ వైపు పాకి, దాని పాదం చుట్టూ చేరి, అక్కడే నిలిచాయి. ఏదో పాత కేబుల్ పనికి కాంక్రీటు తవ్వి మళ్లీ పోసినప్పుడు వాలు తిరగబడింది. పది నిమిషాలు నిలబడి చూశాను. ఆ మడుగు ఎండకు ఆరింది తప్ప కాలువకు పోలేదు. ఆ నీళ్ల స్థానంలో నాఫ్తాను ఊహించుకుంటే ఒళ్లు జలదరించింది.

డ్రైనేజీ లేకపోతే 43,200 స్థానంలో 70,900 వేయాలి. వేడి 1.64 రెట్లు. స్టార్టప్ కేసు 1,630 చదరపు మిల్లీమీటర్లకు పోయింది. అంతకంటే ముఖ్యం, మామూలుగా నడిచే కూర్పుకే 690 కాస్తా 1,130 అయింది. అంటే ఉన్న జె వాల్వ్ ఆ రోజుకే చాలదు. ఇది సామర్థ్యం పెంచే ప్రాజెక్టు రిపోర్టులో ఒక పేరాగా రాసి వదిలేసే విషయం కాదు. ఆ సాయంత్రమే యూనిట్ మేనేజర్‌తో కూర్చున్నాను. ఆయన వాదించలేదు, తానూ వచ్చి ఇంకో బకెట్ పోయించి చూశారు. ఆ వారంలోనే సాడిల్ పక్క నుంచి కాలువ దాకా తాత్కాలికంగా ఒక గాడి కోయించారు.

ఏది పెద్దది చేయాలి: వాల్వా, నేల వాలా?

శాశ్వత పరిష్కారానికి రెండు దారులు. నేలను వదిలేసి 1,630కి తగిన వాల్వ్ పెట్టడం ఒకటి. వాలు సరిచేసి 993కి తగిన వాల్వ్ పెట్టడం ఇంకొకటి.

మొదటి దారికి ఎల్ ఆరిఫైస్ కావాలి, 1,841 చదరపు మిల్లీమీటర్లు. డ్రమ్ము మీద వాల్వ్ లైన్ కలిసే నాజిల్ 3 అంగుళాలు. ఎల్ వాల్వ్ పూర్తి సామర్థ్యంతో ఆ నాజిల్ గుండా పోతే, ఎంత పొట్టి లైన్ వేసినా ఇన్‌లెట్ లైన్‌లో ప్రెషర్ నష్టం సెట్ ప్రెషర్‌లో 5 శాతం దాటుతోంది. 3 శాతం లోపు ఉండాలన్నది నియమం. అంటే డ్రమ్ముకు కొత్త నాజిల్ కోసి, వెల్డింగ్ చేసి, హైడ్రోటెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) చేయాలి. మంట డ్రమ్ము కిందే నిలవడానికి అవకాశం అలాగే ఉంచి, దానికి తగ్గ పెద్ద రంధ్రం పెట్టడం నాకు మనస్కరించలేదు. నేల సరిచేస్తే మంట తీవ్రతే తగ్గుతుంది, డ్రమ్ముకే కాదు, పక్కనున్న పంపులకూ పైప్ ర్యాకుకూ మేలు.

రెండో దారే ఎంచుకున్నాం. కె ఆరిఫైస్‌కు ఆవిరి లైన్ మూసుకుపోయే చిన్న కేసు సామర్థ్యంలో 27 శాతం, పావు వంతు పైనే. ఇన్‌లెట్ లైన్ మాత్రం మార్చాల్సి వచ్చింది. ఉన్న లైన్‌లో రెండు ఎల్బోలు, 4 మీటర్ల పైపు. కె వాల్వ్ పూర్తి సామర్థ్యానికి నష్టం 38 కిలోపాస్కల్స్, అంటే 3.8 శాతం. ఇక్కడ కావలసిన ప్రవాహంతో కాక వాల్వ్ పూర్తి సామర్థ్యంతోనే లెక్క కట్టాలి, తెరుచుకున్న వాల్వ్ మన అవసరం చూసి తక్కువ వదలదు. ఒక ఎల్బో తీసేసి పైపు మీటరున్నరకు కుదిస్తే 2.2 శాతానికి దిగింది.

మేము దాదాపు మరిచిపోయినది అవుట్‌లెట్ ఉష్ణోగ్రత. పాత లెక్కలో ఆవిరి 137 డిగ్రీలు. కొత్త లెక్కలో 250. ఫ్లేర్ వైపు పైపు డిజైన్ ఉష్ణోగ్రత 200. పైపింగ్ వాళ్లు స్ట్రెస్ మళ్లీ కట్టి ఒక గైడ్ సపోర్ట్ జరిపారు. వైశాల్యం ఒక్కటే చూసుకుని ఫైల్ మూసేసి ఉంటే ఇది బయటపడేది కాదు.

ఈ కేస్ తర్వాత నేను మార్చుకున్నవి

సిమ్యులేటర్ ఇచ్చిన లేటెంట్ హీట్‌ను మిశ్రమంలోని అతి తేలిక పదార్థం విలువతో పోల్చకుండా ఇప్పుడు షీట్ మీద సంతకం పెట్టను. అది రెండు నిమిషాల పని. నడిచే కూర్పుకు కాంట్రాక్టర్ లెక్క మా లెక్క చేరిన వాల్వ్ దగ్గరే ఆగినా అది కాకతాళీయం. కూర్పు కొంచెం మారి ఉంటే ఆ పద్ధతి చిన్న వాల్వ్ ఇచ్చేది, ఎవరికీ తెలిసేది కాదు.

కూర్పు పట్టికకు స్టార్టప్, షట్‌డౌన్, ట్యాంకు నుంచి నింపడం, ఆఫ్‌స్పెక్ (నాణ్యత కుదరని) సరుకు తిప్పడం అనే వరసలు చేర్చాను. అవి నింపడానికి ప్రాసెస్ డేటా షీట్ చాలదు, షిఫ్టులో ఉండే మనిషితో కూర్చోవాలి. "అందరికీ తెలిసిందే" అన్న మాట వినిపించిన చోట ఇంకో పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటాను.

మట్టం తగ్గుదల వెసులుబాటు గురించి మా ఆఫీసులో ఇంకా వాదన ఉంది. నడిచే కూర్పుకు దాన్ని తీసుకుని, స్టార్టప్ కూర్పుకు తీసుకోకపోవడం పొసగదని ఒక సహోద్యోగి అంటాడు. రెండింటికీ తీసుకోకపోతే జవాబు కె దగ్గరే ఆగుతుంది, ఈ కేసులో నిర్ణయం మారదు. వేరే కేసులో మారవచ్చు, అక్కడ మళ్లీ కూర్చుని తేల్చుకోవాలి.

టర్న్‌అరౌండ్‌లో (యూనిట్ ఆపి చేసే పెద్ద మరమ్మతుల్లో) కాంక్రీటు తిరిగి పోశారు, కె వాల్వ్ ఎక్కింది. స్టార్టప్‌కు ముందు రోజు ఆ ప్యానెల్ ఆపరేటర్ ఫోన్ చేశారు. తానే వెళ్లి డ్రమ్ము కింద రెండు బకెట్లు పోశారట. నీళ్లు కాలువ దాకా పోయి, దిగిపోయాయట. "నాఫ్తా నింపమంటారా సార్?" అని అడిగారు. నింపమన్నాను.